కావలెను: జైలు నడపడం తెలిసినవారు

ఐక్యరాజ్యసమితి శాంతి మిషన్లకు జైలు అధికారులు, న్యాయ నిపుణులు కావాలి. ఆ విద్య తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఉంది. కబురే అందడం లేదు.

కాంగో రాజధాని కిన్షాసాలో మకాలా జైలును 1,500 మంది కోసం కట్టారు. 2024 సెప్టెంబరు 2 తెల్లవారుజామున అందులో పన్నెండు వేలకు పైగా ఖైదీలున్నారు. ఆ రోజు పారిపోయేందుకు జరిగిన ప్రయత్నంలో 129 మంది చనిపోయారని అక్కడి ప్రభుత్వమే ప్రకటించింది. తుపాకీ గుండ్లకు పోయినవాళ్లు 24 మంది. మిగిలినవాళ్లలో ఎక్కువమంది తోపులాటలో, ఊపిరాడక పోయారు. ఆ జైల్లో ఉన్నవాళ్లలో అత్యధికులకు శిక్ష పడనే లేదు. విచారణ ఎప్పుడు మొదలవుతుందో తెలియక కూర్చున్నవాళ్లే.

ఈ వార్తను మన రేపల్లెలోనో తెనాలిలోనో సబ్ జైల్లో పనిచేసే హెడ్ వార్డరుకు వినిపించండి. ముందు అయ్యో అంటాడు. ఆ వెంటనే అడుగుతాడు: "అక్కడ వారంట్లు ఎవరు చూస్తున్నారండీ?"

సరిగ్గా ఆ ప్రశ్న వేయగలిగిన మనుషుల కోసమే ఐక్యరాజ్యసమితి ఇరవై ఏళ్లకు పైగా దేశదేశాల జైళ్లశాఖల తలుపు తడుతోంది.

శాంతిదళం అనగానే మనకు నీలి టోపీ, తెల్ల జీపు, తుపాకీ పట్టుకున్న జవాను గుర్తొస్తారు. యుద్ధం ఆగిన దేశంలో ఆ జవాను ఒక ముఠా నాయకుడిని పట్టుకున్నాడనుకోండి. వాడిని ఎక్కడ ఉంచాలి? ఎవరు విచారించాలి? జైలు గోడ కూలి, జడ్జి ఊరొదిలి, రికార్డు గది కాలిపోయిన చోట వాడు సాయంత్రానికల్లా మళ్లీ బజారులో తిరుగుతుంటాడు. వాడి మీద సాక్ష్యం చెప్పినవాడికి ఆ రాత్రి నిద్ర ఉండదు. 2015 సెప్టెంబరులో సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్ రాజధాని బంగీలో అల్లర్లు చెలరేగినప్పుడు న్గరాగ్బా జైలు నుంచి ఖైదీలంతా బయటపడ్డారు. 2024 మార్చిలో హైతీ రాజధాని పోర్టో ప్రిన్స్‌లో సాయుధ ముఠాలు జాతీయ కారాగారం మీద పడి మూడున్నర వేలమందికి పైగా బయటికి పోయేలా చేశాయి. ఆ తర్వాత ఆ నగరం ఎవరి చేతిలోకి పోయిందో పత్రికలు చదివేవారికి చెప్పనక్కర్లేదు. జైలు తలుపు నిలబడకపోతే ఒప్పందం కాగితమూ నిలబడదు.

ఈ సంగతి సమితికి దెబ్బలు తిన్నాకే తెలిసింది. 1999లో కొసోవో, తూర్పు తైమూరులలో పోలీసు, కోర్టు, జైలు సమస్తం తానే నడపాల్సి వచ్చింది. తూర్పు తైమూరులో పనిచేసే జడ్జీలే మిగల్లేదు. లఖ్దర్ బ్రహిమి నాయకత్వంలోని సంఘం 2000లో ఇచ్చిన నివేదికలో, ఇకపై పోలీసులను పంపితే చాలదనీ, న్యాయమూర్తులూ ప్రాసిక్యూటర్లూ జైలు నిపుణులూ కలిసి వెళ్లాలనీ గట్టిగా చెప్పారు. 2007లో న్యూయార్కులో ఈ పనికోసం ప్రత్యేక కార్యాలయం ఏర్పడింది. 2010 నుంచి ఇటలీలోని బ్రిండిసీలో ఒక చిన్న నిపుణుల బృందం ఎప్పుడు పిలుపు వచ్చినా బయల్దేరడానికి సిద్ధంగా ఉంటోంది. 2018 డిసెంబరులో భద్రతామండలి పోలీసు, న్యాయం, జైళ్ల గురించే విడిగా ఒక తీర్మానం చేసింది. దాని సంఖ్య 2447.

నోటీసు ఎలా ఉంటుంది

ఈ ఉద్యోగాల్లో పెద్ద వాటా 'ప్రభుత్వాలు పంపే సిబ్బంది'ది. అంటే సమితి నేరుగా మనుషులను తీసుకోదు. ఫలానా మిషన్‌కు ఇంతమంది జైలు అధికారులు కావాలి, ఈ అర్హతలు ఉండాలి, ఈ తేదీలోగా పేర్లు పంపండి అంటూ న్యూయార్కులోని ఆయా దేశాల శాశ్వత ప్రతినిధి కార్యాలయాలకు రాస్తుంది. దేశం పేర్లు పంపాలి. ఎవరికివారు దరఖాస్తు పెట్టుకుంటే పక్కన పడేస్తారు. ఈ ఒక్క నిబంధనే మన కథకు కీలకం, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

అభ్యర్థి సర్వీసులో ఉండాలి. జైలు పనిలో కనీసం ఐదేళ్ల అనుభవం ఉండాలి. మానవహక్కుల ఉల్లంఘన మచ్చ ఉండకూడదు, ఆ మేరకు ధ్రువీకరణ ఇవ్వాలి. ఇంగ్లీషు గానీ ఫ్రెంచి గానీ మాట్లాడటమూ రాయడమూ రావాలి. డ్రైవింగ్ రావాలి. ఫోనులోనో వీడియోలోనో ఇంటర్వ్యూ చేస్తారు. ఎంపికైతే మామూలుగా ఏడాది పని, అవసరాన్ని బట్టి పొడిగింపు. జీతం సొంత ప్రభుత్వమే ఇస్తూ ఉంటుంది, సమితి అక్కడి బస, తిండి ఖర్చుల కింద భత్యం ఇస్తుంది. చట్టం దృష్టిలో ఆ మనిషి సమితి ఉద్యోగి కాడు, 'మిషన్‌లో ఉన్న నిపుణుడు'. కుటుంబాన్ని వెంట తీసుకెళ్లే చోట్లు కావివి.

భాష దగ్గర ఒక మాట. కాంగోలోనూ సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్‌లోనూ ఫ్రెంచి లేకుండా జైలు గేటు దాటలేం. సెనెగల్, బుర్కినా ఫాసో, కామెరూన్ లాంటి దేశాల అధికారులు ఈ పనిలో ముందుండటానికి అదొక కారణం. 2011 జులైలో పుట్టిన దక్షిణ సూడాన్‌లో ఇంగ్లీషే అధికార భాష. తెలుగు జైలు అధికారికి దగ్గరి తలుపు అదే.

వెళ్లినవారు అక్కడ తాళాలు తిప్పరు. కొసోవో తర్వాత సమితి మామూలుగా తానే జైళ్లు నడపడం మానుకుంది. స్థానిక జైలరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, రిజిస్టరు ఎలా పెట్టాలో, ఖైదీలను ఏ వరసన వేరుచేయాలో, వంట సరుకు ఎలా కొలవాలో, గొడవ రేగితే తుపాకీ దాకా పోకుండా ఎలా సర్దాలో చూపిస్తారు. సైనికుల చేతిలో ఉన్న జైళ్లను శిక్షణ పొందిన సివిల్ సిబ్బంది చేతికి మార్చడం బంగీలో ఈ పనిలో పెద్ద భాగం.

సబ్ జైలు విద్య

సెంట్రల్ జైలంటే అందరికీ తెలుసు. రాజమండ్రి పేరు చెబితే సినిమాలో అరెస్టు సీను గుర్తొస్తుంది. సబ్ జైలును ఎవరూ పట్టించుకోరు. బస్సు దిగి కోర్టుకు పోయే దారిలో ఒక పాత గోడ, ఒక ఇనుప గేటు, గేటు బయట చీర కొంగులో ఆధార్ కార్డు ముడేసుకుని ములాఖత్ కోసం కూర్చున్న ఒక తల్లి. ఇంతే కనిపించేది.

లోపల జరిగేది చాలావరకు కాగితం పని. ఇక్కడికి వచ్చేవాళ్లు ఎక్కువగా రిమాండు ఖైదీలు. కోర్టు వారంటు లేకుండా ఒక్క మనిషినీ లోపలికి తీసుకోకూడదు. వచ్చినవాడి పేరు, తండ్రి పేరు, ఊరు, సెక్షన్లు, ఒంటి మీద గాయాలు, జేబులో వస్తువులు అన్నీ రాయాలి. వాయిదా తేదీ రాయాలి. వాయిదా రోజున ఎస్కార్టు పోలీసులు రాకపోతే కోర్టుకు చెప్పాలి, వీడియోలో చూపించాలి. మరో ఊరి కోర్టు పీటీ వారంటు పంపితే అక్కడికి చేర్చాలి. ఛార్జిషీటు 60 రోజులకో 90 రోజులకో పడకపోతే చట్టప్రకారం బెయిలు హక్కు వస్తుందని ఖైదీకి తెలియాలి. తెలియనివాడికి చెప్పే మొదటి నోరు చాలాసార్లు జైలు సిబ్బందిదే. సాయంత్రం లాకప్ లెక్క, ఉదయం అన్‌లాక్ లెక్క ఒక్క తల తేడా లేకుండా కుదరాలి. బెయిలు ఆర్డరు వచ్చిన సాయంత్రమే వదలాలి. ఒక్క అక్షరం తప్పుంటే ఆగాలి. ఆగితే గేటు బయట ఉన్న తల్లికి "రేపు రామ్మా" అని చెప్పే పనీ ఇతనిదే.

1955లో రూపొందించిన ఖైదీల కనీస ప్రమాణాలను 2015 డిసెంబరు 17న ఐక్యరాజ్యసమితి తిరగరాసి, 27 ఏళ్లు జైల్లో ఉన్న నెల్సన్ మండేలా పేరు పెట్టింది. మొత్తం 122 నియమాలు. వాటిలో ఏడోది చెప్పేది ఇదే: సరైన ఉత్తర్వు లేకుండా ఎవరినీ జైల్లోకి తీసుకోకూడదు, తీసుకున్నవాడి వివరాలు రాయాలి. జెనీవా భాషలో అదొక అంతర్జాతీయ ప్రమాణం. బాపట్లలో అది పొద్దున్నే డ్యూటీలోకి వచ్చినవాడు చేసే పని.

మకాలాలో లేనిది సరిగ్గా ఈ ఏడో నియమమే. ఎవరు ఎందుకు లోపలున్నారో లెక్క లేనప్పుడు జైలు నిండుతుంది. ఇంకో గోడ కడితే అదీ నిండుతుంది. జడ్జి ముందుకు ఫైలు పోయేలా చూసే ఒక గుమాస్తా ఉంటే, ఆ జైలు సగం ఖాళీ కావచ్చు. నా ఉద్దేశంలో శాంతి మిషన్లకు పెద్ద పెద్ద డిగ్రీల కన్నా ఇలాంటి గుమాస్తాతనం అవసరం. ఆ మాట చులకనగా అనడం లేదు. బెయిలు ఆర్డర్లు జైలుకు చేరడంలో ఆలస్యం మీద 2021లో సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టింది. కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన నూతలపాటి వెంకటరమణ అప్పుడు ప్రధాన న్యాయమూర్తి. ఉత్తర్వులను ఎలక్ట్రానిక్ పద్ధతిలో జైళ్లకు చేరవేసే 'ఫాస్టర్' వ్యవస్థను ఆయన 2022 మార్చి 31న ప్రారంభించారు. దేశపు అత్యున్నత న్యాయస్థానం దిగి వచ్చి చూసుకోవాల్సినంత పెద్ద సంగతి, ఒక కాగితం ఒక గేటుకు సమయానికి చేరడం.

ఆడవాళ్ల బ్యారక్ సంగతి వేరే. మండేలా నియమాల్లో 81వది మహిళా ఖైదీలను మహిళా సిబ్బందే చూడాలంటుంది. 2025 జనవరిలో కాంగోలోని గోమా నగరం తిరుగుబాటుదారుల చేతికి చిక్కినప్పుడు మున్జెంజె జైలు బద్దలైంది. మహిళల విభాగంలో చెలరేగిన మంటల్లో వందమందికి పైగా ఆడవాళ్లు పోయారు. ఎంతోమంది మీద అంతకుముందే అత్యాచారం జరిగింది. సమితి తన ప్రతి నోటీసులోనూ మహిళల పేర్లు ఎక్కువగా పంపమని కోరడం వెనక ఇలాంటి గదులున్నాయి. రాజమండ్రిలో మనకు మహిళల కోసం విడిగా జైలే ఉంది. అక్కడ ఏళ్ల తరబడి పనిచేసిన ఆడ వార్డర్లు, అధికారుల అనుభవానికి దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో విలువ ఉంటుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనమే అనుకుంటున్నాం.

పరాయివాళ్లు వచ్చి బాగుచేసిన ఊరు

తెనాలి నుంచి చీరాల వైపు ప్యాసింజరు రైలెక్కితే బాపట్ల దాటగానే ఒక చిన్న స్టేషను వస్తుంది. స్టువర్టుపురం. సినిమావాళ్లు ఈ పేరును దొంగకు మారుపేరు చేసి పోస్టర్ల మీద ఎక్కించారు. ఆ ఊళ్లోవాళ్లు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు ఊరి పేరు దగ్గర చెయ్యి ఆగేదంటే ఆ పాపంలో మన వినోదానికీ వాటా ఉంది.

ఆ ఊరు పుట్టింది ఒక అంతర్జాతీయ సంస్కరణ పథకంగా. 1911 నేరస్థ తెగల చట్టం కింద మద్రాసు ప్రభుత్వం ఎరుకల కుటుంబాలను పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేసింది. వాళ్లను ఒకచోట స్థిరపరిచి మార్చే పనిని ఇంగ్లండులో పుట్టిన సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. 1913లో ఆ సెటిల్మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. సాల్వేషన్ ఆర్మీని ఇండియాకు తెచ్చిన బూత్ టక్కర్ సివిల్ సర్వీసు ఉద్యోగం వదులుకుని కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు కూడా మార్చుకున్న మనిషి. ఉద్దేశం చెడ్డదని అనలేం. బడి పెట్టారు, పొలం ఇచ్చారు. కానీ నమోదైనవాళ్లు హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. చీరాలలోని ఐఎల్‌టీడీ పొగాకు ఫ్యాక్టరీకి ఇక్కడి నుంచి చౌకగా కూలీలు దొరికారు. ఈ చరిత్రను మీనా రాధాకృష్ణ పరిశోధించి 2001లో పుస్తకంగా తెచ్చారు. చదివితే సంస్కరణ ఎక్కడ ఆగిందో, జైలు ఎక్కడ మొదలైందో గీత గీయలేం.

1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. ముద్ర రద్దు కాలేదు. డెబ్భైల్లో విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి లవణం, ఆయన భార్య హేమలత ఆ ఊళ్లోకి వెళ్లారు. హేమలత మహాకవి జాషువా కూతురు. స్టువర్టుపురంలోనూ సీతానగరం, కప్పరాళ్లతిప్పల్లోనూ వాళ్లు చేసిన పనిలో పాసుల్లేవు, హాజరు పట్టీల్లేవు. ఇళ్లలో కూర్చున్నారు, తిన్నారు, మాట్లాడారు. పిల్లల చదువు, కేసుల నుంచి బయటపడటం, పోలీసులతో తగువు తీర్చుకోవడం చూశారు. జైలు సంస్కరణ నిపుణులంటే ఎవరో నన్నడిగితే మొదట ఈ దంపతుల పేరే చెబుతాను.

బంగీకో జూబాకో వెళ్లే నిపుణుడికి ఏ శిక్షణ కేంద్రమూ నేర్పలేని పాఠం ఈ రైల్వే స్టేషను దగ్గర ఉంది. బయటి నుంచి మంచి మనసుతో వచ్చినవాడు రాసుకునే పేర్ల జాబితా ఒక జాతికి నూరేళ్ల సంకెల కావచ్చు. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పని అప్పగించే నియమాలను కొట్టేస్తూ, విముక్త జాతులవారిని అలవాటు నేరస్థులుగా చూసే నిబంధనలను కూడా తప్పుపట్టింది. 1911 నుంచి లెక్కేస్తే 113 ఏళ్లు పట్టింది.

కోర్టే ఊరికి వచ్చినప్పుడు

న్యాయ నిపుణుల సంగతికొద్దాం. కాంగోలోనూ దక్షిణ సూడాన్‌లోనూ సమితి సాయంతో నడిచే సంచార కోర్టులున్నాయి. జడ్జి, ప్రాసిక్యూటరు, డిఫెన్సు లాయరు కలిసి నేరం జరిగిన ప్రాంతానికే వెళ్లి విచారిస్తారు. బాధితులు వందల మైళ్లు నడవక్కర్లేదు. బంగీలో అయితే స్థానిక న్యాయమూర్తులూ విదేశీ న్యాయమూర్తులూ కలిసి కూర్చునే ప్రత్యేక క్రిమినల్ కోర్టు ఉంది. 2015లో చట్టం చేశారు, మొదటి తీర్పు 2022 అక్టోబరు 31న వచ్చింది. ఏడేళ్లు.

ఏడేళ్లా అని ఆశ్చర్యపడే హక్కు తెనాలివాళ్లకు లేదు. పక్కనున్న చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. విచారణ తమ ఊళ్లోనే జరగాలని బాధితులు పట్టుబట్టారు. ప్రత్యేక కోర్టు చుండూరులోనే పెట్టారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం జరిగిన ఊళ్లోనే కోర్టు కూర్చోవడం దేశంలో అదే మొదటిసారి. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది చొప్పున శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. అప్పీలు సుప్రీంకోర్టు మెట్లెక్కింది.

ఊరు రెండుగా చీలిపోయాక సాక్షి ఎలా నిలబడతాడు? ఏళ్లు గడిచేకొద్దీ అతని మాట మీద డిఫెన్సు ఎలా దెబ్బకొడుతుంది? ఎఫ్‌ఐఆర్‌లో ఒక గంట తేడా పదేళ్ల తర్వాత ఏం చేస్తుంది? కోర్టును బాధితుల వాకిట్లోకి తెస్తే ధైర్యం వస్తుందా, ఒత్తిడి పెరుగుతుందా? అంతర్జాతీయ సదస్సుల్లో పత్రాలు చదివే ఈ ప్రశ్నలన్నిటినీ తెనాలి చుట్టుపక్కల లాయర్లూ హక్కుల కార్యకర్తలూ బతికి చూశారు. బొజ్జా తారకం లాంటివాళ్లు ఆ పోరాటంలోనే తమ ఏళ్లు ధారపోశారు. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న కారంచేడుదీ ఇలాంటి కథే, 1985 నుంచి. ఈ అనుభవం ఎక్కడా రాసి పెట్టిన పాఠంగా లేదు. మనుషులతోనే పోతోంది.

అంతర్జాతీయ న్యాయంలో తెలుగువాళ్లు లేరని కాదు. కృష్ణా జిల్లా వీరులపాడులో పుట్టిన పాటిబండ్ల చంద్రశేఖరరావు హాంబర్గులోని అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానంలో 1996 నుంచి 2017 దాకా న్యాయమూర్తి, మధ్యలో మూడేళ్లు అధ్యక్షుడు. పెమ్మరాజు శ్రీనివాసరావు అంతర్జాతీయ న్యాయ సంఘంలో ఏళ్ల తరబడి సభ్యుడు. వాళ్లది శిఖరం మీది పని. ఇక్కడ కావలసింది కింది కోర్టులో రోజుకు ముప్పై కేసులు చూసిన అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరు.

ఇండియాకు ఈ పని కొత్తా?

కాదు. కొరియా యుద్ధం 1953లో ఆగినప్పుడు సొంత దేశానికి తిరిగి వెళ్లబోమన్న యుద్ధఖైదీలను ఎవరు కాపలా కాయాలన్న చోట సంధి చిక్కుకుంది. వి.కె. కృష్ణ మీనన్ సమితిలో ముడి విప్పే దారి చూపారు. కె.ఎస్. తిమ్మయ్య అధ్యక్షతన తటస్థ దేశాల సంఘం, ఎస్.పి.పి. థొరాట్ నాయకత్వంలో భారత కస్టోడియన్ దళం వెళ్లాయి. మన సైన్యం తన నేల మీద కాలు పెట్టడానికి దక్షిణ కొరియా అధ్యక్షుడు ఒప్పుకోలేదు, ఓడ దిగినవాళ్లను హెలికాప్టర్లలో నిస్సైనిక ప్రాంతానికి చేర్చారు. అక్కడ వాళ్ల చేతికొచ్చిన ఖైదీలు 22,604 మంది. అందులో చైనావాళ్లు 14,704 మంది. కంచె లోపల ఖైదీల నాయకులదే రాజ్యం. మనవాళ్లకు ఆ భాషలు రావు. అయినా నెలల తరబడి తుపాకీ కన్నా మాటతోనే నెట్టుకొచ్చారు. ఏ కొరియాకూ చైనాకూ వెళ్లబోమన్న 88 మంది చివరికి 1954లో మన దళంతో పాటే ఓడలో మద్రాసు చేరారు.

అంతటి అనుభవంతో మొదలైన దేశం తర్వాత సైన్యం దారినే నడిచింది. ఇప్పటిదాకా 2 లక్షల 90 వేలమంది భారతీయులు యాభైకి పైగా మిషన్లలో పనిచేశారు. 2007లో లైబీరియాకు ప్రపంచంలోనే తొలి పూర్తి మహిళా పోలీసు దళాన్ని పంపింది మనమే. జైలు వరసలో మాత్రం మన పేరు మోగదు. కిరణ్ బేడీ ఉదాహరణ చూడండి. 1993 నుంచి 1995 దాకా తీహార్ జైలును నడిపి, దానికే 1994లో మెగసెసే అందుకున్నారు. 2003లో సమితి ఆమెను తీసుకుంది, పోలీసు సలహాదారుగా.

కబురు ఎక్కడ ఆగుతోంది

రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం జైళ్లు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. న్యూయార్కు నుంచి వచ్చిన నోటీసు ఢిల్లీ దాటాలి, రాష్ట్ర హోంశాఖకు చేరాలి, జైళ్లశాఖకు దిగాలి, అక్కడి నుంచి జిల్లా జైళ్లకూ సబ్ జైళ్లకూ పోవాలి. ప్రతి బల్ల మీద గడువులో కొన్ని రోజులు పోతాయి. పోలీసుల విషయంలో ఈ దారి అరిగి నున్నబడింది. కేంద్ర హోంశాఖ రాష్ట్రాలను పేర్లు అడుగుతుంది, ఇంగ్లీషు, డ్రైవింగ్, తుపాకీ గురి పరీక్షలుంటాయి, కుర్రాళ్లు ఏడాది ముందు నుంచే తయారవుతారు. జైలు క్వార్టర్సులో ఆ మాట వినిపించదు. వినిపించినా, నలుగురే ఉండే సబ్ జైలు నుంచి ఒకరిని ఏడాది వదిలే సూపరింటెండెంటు ఉంటాడా? ఖాళీలు నింపకుండా విదేశీ డ్యూటీ మాటెత్తితే సిబ్బందే నవ్వుతారు.

శిక్షణకు చోటు లేక కాదు. దక్షిణాది జైలు అధికారులకు వేలూరులో 1979 నుంచి అకాడమీ ఉంది. ఒకప్పుడు ఉన్నవ లక్ష్మీనారాయణ ఖైదీగా 'మాలపల్లి' రాసిన ఊరు అదే రాయవేలూరు. ఢిల్లీలో 2000లో పెట్టిన శాంతిదళ శిక్షణ కేంద్రం సైన్యం చేతిలో ఉంది. ఈ రెంటినీ కలిపి జైలు అధికారులకు ఏడాదికి ఒక్క కోర్సు, అందులో మండేలా నియమాలు, రిపోర్టు రాసే ఇంగ్లీషు, ఉత్సాహం ఉన్నవాళ్లకు ఫ్రెంచి పెట్టడానికి కొత్త భవనాలేమీ అక్కర్లేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, మన జైళ్లు ఏం ఉద్ధరించామని ఇంకొకరికి చెప్పడం అని అడిగేవారుంటారు. సరైన ప్రశ్నే. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నూటికి 76 మంది. ప్రతి నూరుమంది చోట్లో 131 మంది. ష్యూరిటీలు దొరక్క బెయిలు వచ్చినా లోపలే ఉండిపోయిన పేదవాళ్ల కోసం 2023లో కేంద్రం 40 వేల రూపాయల దాకా సాయం చేసే పథకం పెట్టాల్సి వచ్చింది. గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు రిమాండులోనే గడిపితే వదలాలని కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను చెబుతోంది. ఎవరు ఆ మూడో వంతు దాటారో లెక్క తీసేది మళ్లీ సబ్ జైలు రిజిస్టరే.

నేను దీన్ని తిరగేసి చూస్తాను. నిండిన జైలును, అరకొర సిబ్బందితో, డబ్బు లేకుండా, చంపుకోకుండా నడపడమే అక్కడ కావలసిన విద్య. ఒక ఖైదీకి ఒక గది ఉండే దేశం నుంచి వచ్చిన అధికారి జూబా జైలు చూసి ముందు కొత్త భవనం అడుగుతాడు. మనవాడు ముందు వారంట్ల కట్ట అడుగుతాడు. పైగా అక్కడ ఏడాది పనిచేసి వచ్చినవాడు మండేలా నియమాలను కాగితం మీద కాక కళ్లతో చూసి వస్తాడు. ఆ చూపు మన బ్యారక్‌లకూ అవసరమే.

తొందర కూడా ఉంది. మాలి ప్రభుత్వం పొమ్మంటే 2023 చివరికి అక్కడి మిషన్ మూతపడింది. 2025లో నిధులు చాలక తొమ్మిది మిషన్లలో బలగాన్ని నాలుగో వంతు తగ్గించబోతున్నట్టు సమితి చెప్పింది. ఇలా తగ్గేటప్పుడు పెద్ద పటాలాల కన్నా చిన్న నిపుణుల బృందాలే మిగులుతాయన్నది నా అంచనా. ఆ బృందాల్లో పేరుండాలంటే ముందు నుంచీ జాబితా సిద్ధంగా ఉండాలి. గడువు ముగిశాక పంపిన పేరును ఎవరూ చూడరు.

రాష్ట్ర జైళ్లశాఖ ఈ ఏడాదే చేయగలిగిన పని ఒకటుంది: ఐదేళ్ల సర్వీసు దాటి, ఇంగ్లీషు రాయగలిగి, వెళ్లడానికి ఇష్టపడే మగ, ఆడ ఉద్యోగుల పేర్లు ప్రతి సబ్ జైలు నుంచీ తెప్పించి ఢిల్లీకి పంపడం, నోటీసు వచ్చినప్పుడు దాన్ని గేటు దగ్గర నోటీసు బోర్డు మీద అంటించడం. న్యాయశాఖ ప్రాసిక్యూటర్ల విషయంలో అదే చేయాలి. ఇక మీ ఇంట్లోనో వీధిలోనో జైలుశాఖలో పనిచేసే అన్నయ్యో, అక్కయ్యో, బాబాయో ఉంటే ఈ పేజీ వాళ్ల చేతికివ్వండి. సొంతంగా దరఖాస్తు పెట్టుకోవడానికి లేదు, కానీ "నా పేరు పంపండి" అని పై అధికారికి రాతపూర్వకంగా అడగడానికి ఏ నిబంధనా అడ్డు రాదు.